సైబర్ మోసం, పోలీస్ నోటీస్, నెట్ బంద్: చట్టం గురించి మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

డబ్బు పోగొట్టుకున్నవాళ్లు, పోస్టు పెట్టినందుకు నోటీస్ అందుకున్నవాళ్లు, ఏ తప్పూ చెయ్యకుండా అకౌంట్ ఫ్రీజ్ అయినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవే ఇవన్నీ. వీటన్నిటి వెనకా ఉన్నది ప్రధానంగా ఒకటే చట్టం, ఐటీ చట్టం. దొంగని పట్టుకోడానికీ దాన్నే వాడతారు, మాట్లాడేవాడి నోరు మూయించడానికీ దాన్నే వాడతారు. పోస్టు తీయించడంలో కనిపించే స్పీడు పోయిన డబ్బు వెనక్కి తెప్పించడంలో కనిపించట్లేదు, నా బాధంతా అదే. అందుకే రెండు వైపులా మనకి ఏం హక్కు ఉందో తెలిసి ఉండాలి.

అకౌంట్‌లోంచి డబ్బు పోయింది. మొదట ఎవరికి ఫోన్ చెయ్యాలి?

1930కి. బ్యాంక్‌కి వెళ్లేకన్నా ముందు, స్టేషన్‌కి వెళ్లేకన్నా ముందు, ఇంట్లో చెబితే తిడతారేమో అని ఆలోచించేకన్నా ముందు. 2021లో 155260 అనే నంబర్‌తో మొదలుపెట్టారు, తర్వాత అందరికీ గుర్తుండేలా 1930 చేశారు, కేంద్ర హోంశాఖ కింద ఉండే ఐ4సీ అనే సంస్థ దీన్ని నడుపుతుంది.

ఫోన్ చేసేటప్పుడు దగ్గర పెట్టుకోవాల్సింది యూటీఆర్ నంబర్, అంటే ప్రతి పేమెంట్‌కీ విడిగా ఉండే నంబర్. యూపీఐలో అయితే 12 అంకెలు ఉంటాయి, ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆ పేమెంట్ మీద నొక్కితే కనిపిస్తుంది. దాంతోపాటు ఎంత పోయింది, ఏ టైమ్‌కి, మీ ఏ బ్యాంక్ అకౌంట్ నుంచి, ఇవి చెప్పగలిగితే చాలు. మీ కథ మొత్తం అప్పుడే చెప్పక్కర్లేదు, కొంతమంది ఏడుస్తూ మొదటి నుంచీ చెప్పుకొస్తారు, వాళ్ల బాధ అర్థమవుతుంది కానీ ఆ పది నిమిషాల్లోనే డబ్బు ఇంకో ఊరు దాటిపోతుంది.

ఎందుకంత తొందర? డబ్బు బ్యాంక్‌లోనే ఉంటుంది కదా, రికార్డ్ ఉంటుంది కదా?

రికార్డ్ ఉంటుంది, డబ్బు ఉండదు. మీ 2 లక్షలు ముందు ఒక అకౌంట్‌లో పడతాయి, అక్కడి నుంచి నిమిషాల్లో నాలుగైదు అకౌంట్లకి చీలుతుంది, వాటి నుంచి ఇంకో పదికి, చివరికి ఏదో ఏటీఎంలో క్యాష్‌గా తీసేస్తారు లేదా క్రిప్టో కొనేస్తారు. పోలీసులు వీటిని లేయర్లు అంటారు. 1930లో మీ కంప్లైంట్ ఎక్కగానే అది ఆన్‌లైన్‌లో మొదటి బ్యాంక్‌కి వెళ్తుంది, అక్కడ ఎంత మిగిలి ఉంటే అంత హోల్డ్‌లో పెడతారు, మిగతాది ఏ బ్యాంక్‌కి పోయిందో చూసి కంప్లైంట్‌ని అటు పంపుతారు. అంటే మీ కంప్లైంట్ దొంగ వెనకాల లేయర్ లేయర్‌కీ పరిగెత్తాలి. ఎంత ముందు బయల్దేరితే అంత మిగులుతుంది, మొదటి గంటని గోల్డెన్ అవర్ అనేది అందుకే.

ఫోన్ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పూర్తి వివరాలు, స్క్రీన్‌షాట్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అన్నీ ఎక్కించాలి. వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ జాగ్రత్తగా రాసిపెట్టుకోండి, తర్వాత ఎక్కడికెళ్లినా ముందు అదే అడుగుతారు.

2023లో దేశం మొత్తం మీద ఇలా పోయింది 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు. కేంద్రం పార్లమెంట్‌లో చెప్పిన లెక్కే ఇది. ఒక్క ఏడాదిలో మూడింతలు.

స్టేషన్‌కి వెళ్తే "ఇది మా పరిధి కాదు, సైబర్ స్టేషన్‌కి వెళ్లండి" అంటున్నారు. కరెక్టేనా?

సగం కరెక్ట్. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు చేసే ఆఫీసర్ ఇన్‌స్పెక్టర్ ర్యాంక్‌కి తగ్గకూడదు, అందుకే ఎస్‌ఐలు మాత్రమే ఉండే చిన్న స్టేషన్లలో తప్పుకుంటారు. కానీ దర్యాప్తు వేరు, కంప్లైంట్ తీసుకోవడం వేరు. పాత సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ కట్టించుకోవాలి, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, దాన్ని తర్వాత వాళ్లే సంబంధిత స్టేషన్‌కి పంపుకోవాలి. ఆన్‌లైన్‌లో కంప్లైంట్ ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. అయినా తీసుకోకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కి రాతపూర్వకంగా పంపండి, పోస్టులో పంపినా చెల్లుతుంది.

సీబీఐ అని, కస్టమ్స్ అని వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" చేశామంటున్నారు. అలాంటిది ఉందా?

లేదు. మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. ఇంట్లో కూర్చోబెట్టి, కెమెరా ఆపకూడదు అని, ఎవరితో మాట్లాడకూడదు అని, "వెరిఫికేషన్ కోసం" డబ్బు ఈ అకౌంట్‌కి పంపండి అని చెప్పే పోలీసు ఎవరూ ఉండరు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా దీని గురించే చెప్పారు, సుప్రీంకోర్టు అయితే 2025లో తనంతట తానే కేసు తీసుకుని దర్యాప్తు సీబీఐకి అప్పజెప్పింది.

వీళ్లు ఎక్కువగా పట్టుకునేది రిటైరైనవాళ్లని. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, పీఎఫ్ డబ్బు, ఇల్లు అమ్మిన డబ్బు బ్యాంక్‌లో ఉంటుంది, పరువు పోతుందన్న భయం ఎక్కువ. అమ్మానాన్నలకి ఒక్క మాట చెప్పి పెట్టండి, "ఎవడు ఫోన్‌లో అరెస్ట్ అన్నా కట్ చేసి నాకు ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రైనా పర్లేదు" అని. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ముఖ్యంగా.

ఇంకోటి, 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, విచారణకి రమ్మనే నోటీస్‌ని పోలీసులు వాట్సాప్‌లో పంపకూడదని. కాబట్టి వాట్సాప్‌లో సీల్ వేసిన కాగితం కనిపిస్తే దాన్ని చూసి వణికిపోవద్దు.

పోయిన డబ్బు తిరిగొస్తుందా?

హోల్డ్ అయినంత వరకు వచ్చే అవకాశం ఉంది, మిగతాది కష్టం. హోల్డ్ అయిందని మెసేజ్ వచ్చాక కూడా అది దానంతట అదే మీ అకౌంట్‌లోకి వచ్చేస్తుందనుకోవద్దు. మామూలుగా కోర్టు ఆర్డర్ కావాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేస్తారు. తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా రిఫండ్ ఆర్డర్లు ఇప్పిస్తున్నారు, సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లు దీన్ని బాగానే పట్టించుకుంటున్నారు, లాయర్ ఫీజు లేకుండా అయిపోతుంది కాబట్టి లోక్ అదాలత్ తేదీ ఎప్పుడో మీ దర్యాప్తు ఆఫీసర్‌ని అడగండి.

"మేం హ్యాకర్లం, మీ డబ్బు రికవర్ చేస్తాం, ముందు కొంచెం ఫీజు కట్టండి" అనేవాళ్లు రెండో దొంగలు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు వాళ్ల దగ్గర ఉంటాయి.

బ్యాంక్‌కి ఏ బాధ్యతా లేదా?

ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ చదవండి. మీ ప్రమేయం లేకుండా, బ్యాంక్ తప్పు కూడా లేకుండా ఎవరో మూడోవాళ్ల వల్ల డబ్బు పోయి, మీరు మూడు పని దినాల్లో చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే ఒక పరిమితి వరకు మీ మీద పడుతుంది. బ్యాంక్ నిర్లక్ష్యమే కారణమైతే ఎప్పుడు చెప్పినా మీ భారం సున్నా. ఓటీపీ మీరే చెప్పేస్తే మాత్రం, బ్యాంక్‌కి చెప్పేవరకు పోయిన నష్టం మీదే, చెప్పాక పోయేది బ్యాంక్ భరించాలి. తప్పు కస్టమర్‌దే అని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంక్‌దే, ఈ ముక్క కౌంటర్లో ఎవరూ చెప్పరు. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా కంప్లైంట్ చేసుకోవచ్చు.

నేనేం చెయ్యలేదు, నా అకౌంట్ ఎందుకు ఫ్రీజ్ చేశారు?

ఈ ప్రశ్న ఈ మధ్య బాగా ఎక్కువైంది. మా వీధి చివర టిఫిన్ సెంటర్ ఆయన సంగతి చెప్తా. పొద్దున్నే పాల ప్యాకెట్లకి డబ్బు పంపబోతే పేమెంట్ ఫెయిల్, పిండి మిల్లుకి పంపితే ఫెయిల్, గ్యాస్‌కీ అంతే. బ్యాంక్‌కి వెళ్తే ఎక్కడో ఉత్తరాది రాష్ట్రం నుంచి సైబర్ పోలీసుల లెటర్ వచ్చిందని చూపించారు. సంగతేంటంటే ఎవడో ఆయన దగ్గర ఇడ్లీ తిని క్యూఆర్ కోడ్ కొట్టి 240 రూపాయలు ఇచ్చాడు, ఆ 240 ఏదో మోసం డబ్బులో ఐదో లేయర్‌దో ఆరో లేయర్‌దో. దానికి మొత్తం అకౌంట్ కట్టేశారు, కూతురి కాలేజీ ఫీజు కోసం దాచింది కూడా అందులోనే ఉంది. ఆయనకి హిందీ రాదు, ఆ ఊరు ఎక్కడుందో తెలీదు.

ఇలా అయితే ముందు బ్యాంక్ నుంచి మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఏ స్టేషన్, ఏ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. తర్వాత ఆ స్టేషన్‌కి ఈమెయిల్ పెట్టండి, మీ వ్యాపారం ఏంటో, ఆ డబ్బు దేనికి వచ్చిందో రాసి, ట్రేడ్ లైసెన్స్, క్యూఆర్ బోర్డ్ ఫోటో, స్టేట్‌మెంట్ జత చేసి, ఆ 240 వరకు మాత్రమే హోల్డ్‌లో ఉంచి మిగతాది వదలమని అడగండి. వివాదంలో ఉన్న మొత్తానికి మించి ఫ్రీజ్ చెయ్యకూడదని కేరళ హైకోర్టు 2023లోనే చెప్పింది, ఆ మాట లెటర్‌లో రాయండి. అయినా కదలకపోతే హైకోర్టులో రిట్ వెయ్యడమే దారి. చిన్న వ్యాపారులకి అది ఎంత భారమో ప్రభుత్వానికి తెలియదనుకోను. లక్షలు కొట్టేసినవాడి మొదటి అకౌంట్ ఖాళీ అయ్యాక, ఇడ్లీలు అమ్మినాయన అకౌంట్ కట్టేసి కేసు ముందుకెళ్తోంది అని రాసుకోవడం న్యాయం కాదు.

ఫ్రెండ్ అకౌంట్ అడిగాడు, కమిషన్ ఇస్తాడట. ఇవ్వొచ్చా?

వద్దు. కాలేజీ పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. వీటినే మ్యూల్ అకౌంట్లు అంటారు, కేసులో మొదట దొరికేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే. "నాకు తెలీదు, వాడే వాడుకున్నాడు" అన్నా కమిషన్ తీసుకున్నట్టు కనిపిస్తే చాలా కష్టం, వ్యవస్థీకృత నేరం అని బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 111వ సెక్షన్ కూడా పెట్టొచ్చు, అందులో సైబర్ నేరాలు కూడా చేర్చారు. సిమ్‌లు కూడా అంతే. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి, మీవి కానివి ఉంటే అక్కడే రిపోర్ట్ చెయ్యొచ్చు.

ఈ కాల్స్ చేసేవాళ్లు ఎక్కడుంటారు? ఎందుకు పట్టుకోలేకపోతున్నారు?

కొన్ని ఝార్ఖండ్ జాంతాడా, హర్యానా మేవాత్ నుంచి. పెద్దవి కంబోడియా, మయన్మార్, లావోస్‌లలో గోడలు కట్టిన కాంపౌండ్ల నుంచి. అక్కడ కూర్చుని తెలుగులో మాట్లాడేవాళ్లలో మన పిల్లలే ఉన్నారు, డేటా ఎంట్రీ ఉద్యోగం అని ఏజెంట్‌కి డబ్బు కట్టి వెళ్లి, పాస్‌పోర్ట్ లాక్కున్నాక ఈ పని చెయ్యక తప్పనివాళ్లు. 2024 మేలో విశాఖ పోలీసులు ఇలా కంబోడియాకి పంపిన ఏజెంట్లని పట్టుకోవడంతో ఇక్కడి కుటుంబాలకి విషయం బయటపడింది, 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి వాయుసేన విమానాల్లో వందల మందిని వెనక్కి తెచ్చారు, వాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు.

ఐటీ చట్టం 75వ సెక్షన్ ప్రకారం దేశం బయట నుంచి చేసినా, ఇక్కడి కంప్యూటర్‌కి సంబంధం ఉంటే నేరమే. కాగితం మీద ఆ అధికారం ఉన్నా, ఆ దేశం సహకరించకపోతే చెయ్యి అక్కడిదాకా చేరదు. విదేశాల్లో ఉద్యోగం అంటే ఏజెంట్‌కి రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోకుండా పంపొద్దు. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం అన్నారంటే అక్కడితో ఆపేయండి.

ప్రభుత్వాన్ని తిడుతూ పోస్టు పెడితే అరెస్ట్ చేస్తారా?

విమర్శ నేరం కాదు. ఇది చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2008లో ఐటీ చట్టానికి సవరణ చేసి 66ఏ అని ఒక సెక్షన్ పెట్టారు, ఎవరికైనా చికాకు కలిగించే మెసేజ్ పంపినా మూడేళ్ల దాకా జైలు. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒకమ్మాయిని, దానికి లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయిని పాల్ఘర్‌లో అరెస్ట్ చేశారు. ఆ కోపంలోంచే ఒక లా స్టూడెంట్ వేసిన కేసులో, 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ బెంచ్ 66ఏని కొట్టేసింది. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా ఆయనే.

అయినా ఏళ్ల తరబడి స్టేషన్లలో అదే సెక్షన్ కింద కేసులు కట్టారు, 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఎవరి మీదా 66ఏ వాడొద్దని. మీ ఎఫ్‌ఐఆర్‌లో ఆ సెక్షన్ కనిపిస్తే లాయర్‌కి ముందు అదే చూపించండి.

ఇప్పుడు దాని బదులు పుకార్లు అని బీఎన్‌ఎస్ 353, వర్గాల మధ్య ద్వేషం అని 196 పెడుతున్నారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే తంతు, ఆంధ్రాలో ప్రభుత్వాలు మారాయి, కేసులు అటువాళ్ల మీద నుంచి ఇటువాళ్ల మీదకి మారాయి, అంతే. 2020లో విశాఖ గ్యాస్ లీక్ మీద ఒక పోస్టు షేర్ చేసినందుకు ఒక పెద్దావిడని కూడా సీఐడీ వదల్లేదు. 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు మంచి ఆదేశాలిచ్చింది: రాజకీయ విమర్శ పోస్టుల మీద యాంత్రికంగా ఎఫ్‌ఐఆర్ కట్టొద్దు, ఫిర్యాదు చేసినవాడికి అసలు ఆ హక్కు ఉందా చూడండి, ముందు ప్రాథమిక విచారణ చెయ్యండి అని. బూతులు, ఆడవాళ్ల మీద అసభ్యపు రాతలు, చంపేస్తామనే బెదిరింపులు విమర్శ కిందకి రావు, ఆ కేసులు పెట్టడంలో తప్పు లేదు.

నోటీస్ నిజంగానే ఇంటికొచ్చింది. ఏం చెయ్యాలి?

బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) అని ఉంటే అది విచారణకి రమ్మనే నోటీస్. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో మామూలుగా ముందు ఇదే ఇవ్వాలి, నేరుగా ఎత్తుకెళ్లకూడదు. వెళ్లకుండా తప్పించుకుంటే అరెస్ట్‌కి మీరే కారణం ఇచ్చినట్టు. లాయర్‌తో మాట్లాడి వెళ్లండి, పోస్టు గాభరాగా డిలీట్ చెయ్యొద్దు, సాక్ష్యం చెరిపేశారనే మాట మీదకొస్తుంది.

వెబ్‌సైట్లు, యాప్‌లు ఎలా బ్లాక్ చేస్తారు?

రెండు దార్లు. ఒకటి ఐటీ చట్టం 69ఏ సెక్షన్, దీనికి దేశ భద్రత, పబ్లిక్ ఆర్డర్ లాంటి కారణాలు ఉండాలి, కారణం రాయాలి, కమిటీ చూడాలి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు ఆపింది దీని కిందే. కానీ 2009 రూల్స్‌లో ఇదంతా గోప్యంగా ఉంచాలని ఉంది, అందువల్ల తన పోస్టు ఎందుకు పోయిందో పెట్టినవాడికి కూడా తెలియదు.

రెండోది అదే చట్టంలో 79(3)(బి). పోస్టు తీయమని ప్రభుత్వం చెప్పినా తీయకపోతే ఫేస్‌బుక్ లాంటి కంపెనీకి చట్టంలో ఉన్న రక్షణ పోతుంది, యూజర్ రాసినదానికి కంపెనీ కూడా కోర్టు మెట్లెక్కాలి. ఆ భయంతో వాళ్లు వాదించకుండా తీసేస్తారు. ఈ నోటీసుల కోసమే 2024లో సహయోగ్ పోర్టల్ పెట్టారు. ఎక్స్ (పాత ట్విటర్) కంపెనీ దాని మీద కర్ణాటక హైకోర్టుకి వెళ్తే 2025 సెప్టెంబర్‌లో పిటిషన్ కొట్టేశారు. తర్వాత కేంద్రం రూల్ మార్చి, కేంద్రంలో జాయింట్ సెక్రటరీ స్థాయి, పోలీసుల్లో డీఐజీ స్థాయి ఉన్నవాళ్లే నోటీస్ ఇవ్వాలంది. కొంత నయమే, కానీ 69ఏలో ఉన్న జాగ్రత్తలు ఇందులో లేవు.

ఐబొమ్మలో సినిమా చూస్తే కేసు పెడతారా?

పోలీసుల దృష్టి నడిపేవాళ్ల మీద, అప్‌లోడ్ చేసేవాళ్ల మీద ఉంటుంది, 2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ పోలీసులు ఆ సైట్ నడిపిస్తున్నాడని ఒకతన్ని అరెస్ట్ చేశారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చి, థియేటర్లో రికార్డ్ చేసి బయటపెట్టేవాళ్లకి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా అయితే సినిమా ఖర్చులో 5 శాతం దాకా పెట్టారు. అలాంటి సైట్ల మీద వచ్చే బెట్టింగ్ యాడ్స్, తెలియని ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) ముట్టుకోవద్దు, అకౌంట్లు ఖాళీ అయ్యే దార్లలో అదొకటి.

వీపీఎన్ వాడటం నేరమా?

వీపీఎన్ అంటే మీ నెట్‌ని వేరే సర్వర్ గుండా నడిపి మీరు ఎక్కడున్నారో దాచే సర్వీస్. దేశం మొత్తానికి దాని మీద నిషేధం లేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలంది, దాంతో ఎక్స్‌ప్రెస్, నార్డ్ లాంటివి ఇండియాలో ఉన్న సర్వర్లు తీసేసుకున్నాయి.

ఊరంతా నెట్ ఆపేసే అధికారం ఉందా?

ఉంది, కానీ ఇష్టం వచ్చినట్టు కాదు. 2020 జనవరి 10న కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆర్డర్ బయటపెట్టాలి, గడువు ఉండాలి, రివ్యూ కమిటీ చూడాలి అని. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ లేదు. ఇళ్లు తగలబెట్టినవాళ్లని పట్టుకోవాల్సిందే, ఎవరూ కాదనరు, కానీ పింఛను డబ్బు తీసుకోలేని ముసలామె, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకునే పిల్లలు ఏం చేశారు? ఆర్డర్ కాపీ అడగడం మన హక్కు, అడిగేవాళ్లే తక్కువ.

ప్రైవేట్ ఫోటోలు బయటపెడతామని బెదిరిస్తున్నారు. ఎవరికీ చెప్పుకోలేకపోతున్నా.

డబ్బు ఇవ్వొద్దు, ఇచ్చినా ఆగరు. తప్పు మీది కాదు, మీరు ఒప్పుకోకుండా ఆ ఫోటో పంచినవాడిదే నేరం, ఐటీ చట్టంలో 66ఈ, 67ఏ సెక్షన్లు ఉన్నాయి. ఆడవాళ్లు, పిల్లల మీద జరిగే వాటికి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చెయ్యొచ్చు. 2021 ఐటీ రూల్స్‌లో ఇలాంటి కంప్లైంట్ వస్తే 24 గంటల్లో తీసేయాలని కంపెనీలకి గడువు పెట్టారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 2 గంటలకి తగ్గించారు, మార్ఫింగ్ చేసినవి కూడా ఇందులోకే వస్తాయి, లోన్ యాప్‌ల వాళ్లు చేసే పనీ ఇదే. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సర్వీస్ ఉంది, ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు, మీ ఫోన్‌లోనే దాని గుర్తు తయారుచేసి ఆ గుర్తుని మాత్రం ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి వాటికి ఇస్తుంది.

సాక్ష్యంగా స్క్రీన్‌షాట్ చాలా?

మొదలుపెట్టడానికి చాలు, కోర్టులో సరిపోదు. సాక్ష్య చట్టం కొత్త రూపంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి, అది మీ ఆఫీసర్, లాయర్ చూసుకుంటారు. మీరు చెయ్యాల్సింది ఏంటంటే, చాట్ డిలీట్ చెయ్యొద్దు, వాడి నంబర్ బ్లాక్ చేసినా పర్లేదు కానీ చాట్ ఉంచండి, ప్రొఫైల్ లింక్ కాపీ చేసుకోండి, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, కాల్ లాగ్ కూడా. షాపు వాడు చెప్పాడని ఫోన్ ఫార్మాట్ కొట్టించొద్దు, కేసు తేలేదాకా ఆ ఫోన్ అలాగే ఉండాలి.